లక్ష కంప్యూటర్ల సంసారం

పెద్ద సంస్థలో ఉద్యోగి ముందుండే కంప్యూటర్ మీద పని ఉద్యోగిది, పెత్తనం సంస్థది. అందులో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలి, పెన్‌డ్రైవ్ గుచ్చితే తెరుచుకోవాలా వద్దా, ఎన్ని నిమిషాలు ముట్టుకోకపోతే స్క్రీన్ లాక్ పడాలి అన్నవన్నీ ఎక్కడో కూర్చున్న ఓ చిన్న బృందం నిర్ణయిస్తుంది. బ్యాంకు కౌంటరు మీది సిస్టమ్, విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్ ముద్రించే సిస్టమ్, హైటెక్ సిటీలో ఇంజనీరు సంచిలోని ల్యాప్‌టాప్, గోడౌన్‌లో బార్‌కోడ్ చదివే చేతి యంత్రం, మేనేజరు జేబులోని ఫోను అన్నీ ఆ బృందం లెక్కలో ఒకే కోవకు చెందుతాయి. ఈ రంగంలో వీటిని ఎండ్‌పాయింట్లు అంటారు. నెట్‌వర్క్ ముగిసి మనిషి చెయ్యి మొదలయ్యే చోట ఉండే పరికరాలన్నమాట.

ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్ మొరాయిస్తే తెలిసిన కుర్రాణ్ని పిలిచి ఫార్మాట్ కొట్టిస్తాం. ఓ పూట పోతుంది, అంతే. యాభై వేల కంప్యూటర్లున్న సంస్థలో ఒక సోమవారం పొద్దున నూటికి ఒకటి మొరాయించినా హెల్ప్‌డెస్క్‌కు 500 ఫోన్లు వస్తాయి. ఒక్కోదానికి అరగంట పట్టినా 250 గంటల పని. అదే ఇబ్బంది యాభై వేలకూ ఒకేసారి వస్తే దాన్ని మనుషులు చేతులతో బాగుచేయడం అయ్యే పని కాదు. పెద్ద సంస్థల్లో కంప్యూటర్ల నిర్వహణ ఒక ప్రత్యేక విద్యగా ఎదగడానికి కారణం ఈ సంఖ్యలే.

1981 ఆగస్టులో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ మార్కెట్లోకి వచ్చేదాకా ఆఫీసుల్లో ఈ సమస్య లేదు. పెద్ద యంత్రం ఒక గదిలో ఉండేది, ఉద్యోగుల బల్లల మీద ఉత్త తెర, కీబోర్డు ఉండేవి. పీసీ వచ్చాక ఏ విభాగం కావాలంటే ఆ విభాగం తనకు నచ్చింది కొనుక్కుంది. కొన్నప్పటి ధరే మొత్తం ఖర్చు కాదని, తర్వాత మరమ్మతులకు, శిక్షణకు, పాడై ఖాళీగా కూర్చున్న గంటలకు అయ్యేదంతా కలపాలని గార్ట్‌నర్ సంస్థ 1987లో ఒక లెక్కల పద్ధతి ముందుకు తెచ్చింది. మొత్తం యాజమాన్య వ్యయం అనే ఆ మాట యాజమాన్యాల కళ్లు తెరిపించింది. 1994లో మైక్రోసాఫ్ట్ దూరం నుంచి కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్ పంపే పరికరాన్ని విడుదల చేసింది. 2000లో విండోస్ 2000తో పాటు యాక్టివ్ డైరెక్టరీ వచ్చింది. సంస్థలోని మనుషుల పేర్లు, కంప్యూటర్ల పేర్లు, ఎవరికి ఏ అధికారం ఉందన్న నియమాలు అన్నీ ఒక్క పుస్తకంలో రాసిపెట్టినట్టు అయింది. ఆ తర్వాతి ఇరవై ఏళ్లు ప్రపంచంలోని ఆఫీసులు చాలావరకు ఆ పుస్తకం మీదే నడిచాయి.

ఈ పనిలో మొదటి మెట్టు లెక్క. మన దగ్గర ఎన్ని ఉన్నాయి, ఎవరి దగ్గర ఉన్నాయి, వాటిలో ఏముంది? సైబర్ భద్రతకు ప్రపంచమంతా అనుసరించే సీఐఎస్ నియమాల్లో మొట్టమొదటిది యాంటీవైరస్ గురించి కాదు, పరికరాల జాబితా గురించి. జాబితాలో లేని కంప్యూటర్‌కు ప్యాచ్ వెళ్లదు, దాని పాస్‌వర్డ్ మారదు, అది పోయినా ఎవరికీ తెలియదు. శాఖలు మూతపడటం, కంపెనీలు కలిసిపోవడం, ఉద్యోగులు మానేసేటప్పుడు ల్యాప్‌టాప్ తిరిగి ఇవ్వకపోవడం వల్ల ఈ లెక్క ఎప్పటికప్పుడు తప్పుతూనే ఉంటుంది. అందుకే దాన్ని ఏడాదికోసారి మనుషులు తిరిగి రాసుకునే పద్ధతి పోయి, ప్రతి పరికరం తన ఉనికిని తానే రోజూ చెప్పుకునే ఏర్పాటు వచ్చింది.

రెండోది తయారీ. కొత్త కంప్యూటర్ పెట్టె తెరవగానే ఉద్యోగికి ఇవ్వడానికి వీల్లేదు. ఒకప్పుడు ఐటీ విభాగం ఒక కంప్యూటర్‌ను అన్ని విధాలా సిద్ధం చేసి, దాని నకలును మిగతావాటిలోకి ఎక్కించేది. దీన్నే ఇమేజింగ్ అంటారు. గదినిండా ల్యాప్‌టాప్‌లు వరసగా పరిచి రాత్రంతా ఇమేజ్ ఎక్కించిన రోజులు ఈ వృత్తిలో పాతవాళ్లందరికీ గుర్తే. మోడల్ మారినప్పుడల్లా ఇమేజ్ మార్చాలి, నెల తిరిగేసరికి అది పాతబడుతుంది. ఆపిల్ 2014లో, విండోస్ ఆటోపైలట్ పేరుతో మైక్రోసాఫ్ట్ 2017లో ఈ తంతును తలకిందులు చేశాయి. కంప్యూటర్ ఐటీ విభాగం గడప తొక్కకుండా ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఉద్యోగి ఇంటికే వెళుతుంది. ఉద్యోగి వైఫై కలిపి, ఆఫీసు ఈమెయిల్‌తో లాగిన్ అవగానే ఆ యంత్రం క్రమసంఖ్య ఫలానా సంస్థదని తేలి, కావలసిన సాఫ్ట్‌వేర్, నియమాలు ఇంటర్నెట్ ద్వారా దిగుతాయి.

ఇది సౌకర్యం ఒక్కటే కాదు. పాడైన కంప్యూటర్‌ను బాగుచేసే నైపుణ్యం కంటే, దాన్ని ఉన్నపళంగా మళ్లీ పుట్టించగల శక్తి ఎంత ముఖ్యమో 2017 జూన్ 27న తేలిపోయింది. ఉక్రెయిన్‌లో వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రామ్ బయటకు వచ్చింది. డెన్మార్క్‌కు చెందిన మేర్స్క్ నౌకా సంస్థ కంప్యూటర్లు ప్రపంచవ్యాప్తంగా ఒకదాని వెంట ఒకటి నల్లబడ్డాయి. పది రోజుల్లో 45,000 పీసీలు, 4,000 సర్వర్లు మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేశామని ఆ సంస్థ ఛైర్మన్ మరుసటి ఏడాది దావోస్‌లో చెప్పారు. అయితే పైన చెప్పిన పుస్తకం, అంటే యాక్టివ్ డైరెక్టరీ, లేకుండా ఏదీ మొదలుకాదు. దాని నకళ్లున్న సర్వర్లన్నీ ఒకదానితో ఒకటి సరిపోల్చుకుంటూ ఉండేవి గానీ, దాడిలో అన్నీ ఒకేసారి పోయాయి. ఘనాలోని ఆఫీసులో ఒక్కటి మాత్రం మిగిలింది. దాడి జరిగిన వేళ అక్కడ కరెంటు పోయి, ఆ యంత్రం నెట్‌వర్క్‌తో తెగిపోయి ఉంది. ఒక కరెంటు కోత అంత పెద్ద సంస్థను గట్టెక్కించింది. 25 నుంచి 30 కోట్ల డాలర్ల నష్టం వాటిల్లిందని మేర్స్క్ లెక్కవేసింది.

ఇక ప్యాచ్‌లు. సాఫ్ట్‌వేర్‌లో బయటపడిన లోపాలకు తయారీదారు పంపే అతుకులివి. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం వీటిని విడుదల చేస్తోంది. అమెరికాలో ఉదయం పది గంటలకు వచ్చేవి మనకు మంగళవారం రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో చేరతాయి కాబట్టి, ఇక్కడి ఐటీ బృందాలకు అసలు పని బుధవారం మొదలవుతుంది. వచ్చిన ప్యాచ్‌ను అందరికీ ఒకేసారి పంపరు. ముందు ఐటీ వాళ్ల సొంత కంప్యూటర్లలో, తర్వాత ప్రతి విభాగం నుంచి కొందరికి, ఏ గొడవా లేదనుకున్నాక మిగతావారికి అలలు అలలుగా పంపుతారు. ఆలస్యం చేస్తే దొంగ ముందు వస్తాడు, తొందరపడితే ప్యాచే పని ఆపేస్తుంది. ఈ రెండు భయాల మధ్య ఎన్ని రోజులు ఆగాలన్నదే నిర్వాహకుడి రోజువారీ నిర్ణయం.

ఆలస్యం ఏం చేస్తుందో వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ చూపించింది. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. దాడి మే 12న జరిగింది. మధ్యలో 59 రోజుల వ్యవధి ఉంది. అయినా ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవల్లో 236 ట్రస్టులకు గాను కనీసం 80 దెబ్బతిన్నాయి. రోగుల అపాయింట్‌మెంట్లు దాదాపు 19,000 రద్దయ్యాయని అంచనా. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా ఆ రోజుల్లో దాని బారిన పడ్డాయి. ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో దెబ్బతిన్నవి ఎక్కువ భాగం కాలం చెల్లిన యంత్రాలు కావు. ప్యాచ్ అందుబాటులో ఉన్న విండోస్ 7 కంప్యూటర్లే. ప్యాచ్ ఉంది, వేసే వ్యవస్థ లేదు.

తొందర ఏం చేస్తుందో 2024 జులై 19న తెలిసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన ఫాల్కన్ సాఫ్ట్‌వేర్‌కు లోపమున్న ఒక చిన్న ఫైలు పంపింది. మన కాలమానం ప్రకారం ఉదయం 9.39కి వెళ్లిన ఆ ఫైలును 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు. ఆ కాస్త సేపట్లోనే, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. ప్రపంచంలోని విండోస్ కంప్యూటర్లలో ఇవి ఒక శాతం కూడా కాదు. కానీ అవి ఉన్నవి బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, విమానాశ్రయాల్లో. అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ ఐదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దు చేసుకుంది. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు.

ఆ రోజు చాలా సంస్థలు తమ తప్పేమీ లేకుండానే దెబ్బతిన్నాయి. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లను అలలుగా పంపే పద్ధతి వాటికి ఉంది. కొత్త వెర్షన్ కాకుండా ఒక మెట్టు వెనకటిదే వాడే జాగ్రత్తా తీసుకున్నాయి. కానీ రోజూ వచ్చే ఈ చిన్న ఫైళ్లు ఆ వరసలో నిలబడకుండా నేరుగా అన్ని యంత్రాలకూ ఒకేసారి చేరేవి. కాపలావాడికి మాత్రం పెరటి గుమ్మం తెరిచి ఉంచినట్టయింది. ఆ తర్వాత ఆ ఫైళ్లను కూడా అంచెలంచెలుగా తీసుకునే వీలు క్రౌడ్‌స్ట్రైక్ తన ఖాతాదారులకు కల్పించింది.

బాగుచేయడం మరీ కష్టమైంది. ఆన్ కాని కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ద్వారా ఏదీ పంపలేం. ఒక్కో యంత్రం దగ్గరకు మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును తీసేయాలి. డిస్క్ మొత్తం బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే ముందు 48 అంకెల తాళంచెవి కొట్టాలి. కొన్ని సంస్థల్లో ఆ తాళంచెవులు దాచిన సర్వర్లే నీలం తెరతో ఉన్నాయి. శాఖలో ఉన్న గుమాస్తాకు ఫోన్ చేసి, ఒక్కో అంకె చదివి వినిపించి కొట్టించిన హెల్ప్‌డెస్క్ ఉద్యోగుల ఓర్పును ఏ నివేదికా లెక్కకట్టలేదు.

ఆధునికీకరణకు అడ్డుపడేది చాలాసార్లు డబ్బు కాదు, పాత సాఫ్ట్‌వేర్. కొత్త కంప్యూటర్ కొనడం తేలిక. ఇరవై ఏళ్ల కిందట ఎవరో రాసిచ్చిన, ఇప్పుడు రాసినవాళ్లే లేని ప్రోగ్రామ్ అందులో నడవదు. తెలుగువారికి దీన్ని వివరించడానికి దూరం వెళ్లక్కర్లేదు. తెలుగు డీటీపీ రంగం ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద బతికింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, 2004లో అడోబీ దాని అభివృద్ధి ఆపేసింది. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అక్షరాలన్నీ అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంటు, యూనికోడ్ తెలుగు వచ్చినా, దశాబ్దాల పేజీలు, చేతికి అలవాటైన కీబోర్డు, అలవాటైన అక్షరాల పొందిక అన్నీ పాతదానితో ముడిపడి ఉన్నాయి. ఆ పని కోసమే పాత విండోస్ కంప్యూటర్‌ను కాపాడుకుంటూ వచ్చిన ముద్రణాలయం ఎదుర్కొన్నదే, వందల రెట్లు పెద్దగా, ప్రతి బ్యాంకూ ప్రతి కర్మాగారమూ ఎదుర్కొంటాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న విరమింపజేసినా, దాని కోసం రాసిన వెబ్‌సైట్లు తెరుచుకునేందుకు ఎడ్జ్ బ్రౌజర్‌లో ఒక ప్రత్యేక అరను 2029 దాకా ఉంచుతామని మాట ఇవ్వాల్సి వచ్చింది.

కాబట్టి కొత్త వ్యవస్థకు వలస మొదలుపెట్టే సంస్థ ముందుగా చేసేది వాడుకలో ఉన్న ప్రోగ్రాములన్నీ ఏరి రాసుకోవడం. పెద్ద సంస్థలో ఆ జాబితా వేలల్లోకి వెళుతుంది. ఒకే పని చేసేవి ఐదారు ఉంటాయి, ఎవరూ వాడనివి ఇంకా ఎన్నో. వాటిని కొట్టేసి, మిగిలినవాటిలో కొన్నిటిని బ్రౌజర్‌లో నడిచేలా తిరగరాసి, ఎటూ కదలనివాటిని సర్వర్ మీద వర్చువల్ డెస్క్‌టాప్‌లో పెడతారు. వీడీఐ అనే ఆ పద్ధతిలో కంప్యూటర్ డేటా సెంటర్‌లో ఉంటుంది, ఉద్యోగి ముందుకు దాని బొమ్మ మాత్రమే వస్తుంది. ఖాతాదారుల సమాచారం బయటకు పోకూడని చోట అది బాగా పనికొస్తుంది. ఇంటర్నెట్ నెమ్మదించిన రోజున మాత్రం ఉద్యోగికి ఏ పనీ ఉండదు.

గడువు పెట్టి నెట్టేవాళ్లు లేకపోతే ఈ పని సాగదు. విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది. నాలుగేళ్ల తర్వాత కూడా మన దేశంలో ఏటీఎంలు దాని మీద నడుస్తుండటంతో రిజర్వ్ బ్యాంక్ 2018 జూన్‌లో గట్టిగా ఆదేశించింది. ఆ సెప్టెంబరుకు నాలుగో వంతు, డిసెంబరుకు సగం, 2019 మార్చికి ముప్పావు, జూన్ నాటికి మొత్తం మార్చాలని అంచెలు కూడా నిర్ణయించింది. విండోస్ 10 గడువు 2025 అక్టోబరు 14న తీరింది. ఈసారి చిక్కు వేరు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ కూడా ఒక తరానికి ఇటువైపుదై ఉండాలి. చక్కగా నడుస్తున్న కంప్యూటర్లు ఎన్నో అర్హత కోల్పోయాయి. వాటికి అదనపు భద్రతా అప్‌డేట్లు కావాలంటే సంస్థలు యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లు, తర్వాత ఏటా దానికి రెట్టింపు కట్టాలి. మూడేళ్లకు 427 డాలర్లు. దాదాపు ఒక సాధారణ ఆఫీసు కంప్యూటర్ ధర.

ఈ చక్రం నుంచి బయటపడాలనుకున్నవారూ ఉన్నారు. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కు మారాలని తీర్మానించి, పదేళ్లు శ్రమించి దాదాపు 15,000 కంప్యూటర్లను మార్చింది. 2017లో నగర మండలి తిరిగి విండోస్‌కు వెళ్లాలని ఓటు వేసింది. లినక్స్ పనికిరాదని దీని అర్థం కాదు. ఫ్రాన్స్ పోలీసు దళాల్లో ఒకటైన జెండార్మరీ, లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటుతో నిక్షేపంగా పనిచేస్తోంది.

ఫోన్ల కథ ఇంకో దారిలో నడిచింది. మొదట్లో ఆఫీసు ఫోనంటే బ్లాక్‌బెర్రీయే. సంస్థే కొని, సంస్థే అదుపులో పెట్టుకునేది. 2007లో ఐఫోన్ వచ్చాక పెద్ద అధికారులే తమ సొంత ఫోన్‌లో ఆఫీసు మెయిల్ కావాలని పట్టుబట్టారు. 2010లో ఐఓఎస్ 4తో ఆపిల్ ఫోన్లను దూరం నుంచి నిర్వహించే వీలు కల్పించింది. అప్పటి పద్ధతి మొరటుది. ఫోన్ పోయిందన్నా, ఉద్యోగి మానేశాడన్నా మొత్తం తుడిచేసేవారు, పిల్లల ఫొటోలతో సహా. ఆండ్రాయిడ్‌లో 2015 నుంచి వర్క్ ప్రొఫైల్ వచ్చింది. ఒకే ఫోన్‌లో ఆఫీసుకు వేరే గది కట్టినట్టు ఉంటుంది. ఆ గదిలోని యాప్‌ల మీద చిన్న పెట్టె గుర్తు కనిపిస్తుంది. సంస్థ ఆ గదికి తాళం వేయగలదు, అందులోది ఖాళీ చేయగలదు. ఇవతలి గదిలోని ఫొటోలు, మెసేజ్‌లు చూడలేదు. ఈ సంగతిని ఉద్యోగికి అర్థమయ్యే మాటల్లో ముందే చెప్పడం సంస్థ బాధ్యత. చెప్పనిచోట జనం భయపడి, ఆఫీసు ఫైళ్లను సొంత వాట్సాప్‌లో పంపుకోవడం మొదలుపెడతారు. అసలు ప్రమాదం అదే.

భద్రత అంటే ఆఫీసు చుట్టూ గోడ అనే ఆలోచన అప్పటికే బీటలు వారింది. 2009 చివర్లో తన మీద జరిగిన ఆపరేషన్ ఆరోరా అనే సైబర్ దాడి తర్వాత గూగుల్ ఆ గోడను నమ్మడం మానేసింది. లోపలివారైనా బయటివారైనా ప్రతిసారీ ఎవరు, ఏ పరికరం నుంచి, ఆ పరికరం ఆరోగ్యం ఎలా ఉంది అని అడిగాకే తలుపు తీసే బియాండ్‌కార్ప్ పద్ధతిని కట్టుకుంది. జీరో ట్రస్ట్ అని పేరుపడిన ఈ ఆలోచనను అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020లో ఒక పత్రంగా వెలువరించింది. మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చమని పీడించడం మేలు చేయదని కూడా అదే సంస్థ 2017లోనే చెప్పింది. ఎన్నో ఆఫీసుల్లో ఆ పీడ ఇప్పటికీ వదల్లేదు.

2020 మార్చిలో కొవిడ్ వీటన్నిటికీ పరీక్ష పెట్టింది. ఇంటి నుంచి పనిచేయడంపై ఉన్న నిబంధనలను టెలికాం శాఖ మార్చి 13న సడలించింది. పన్నెండు రోజుల్లో దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లు సంచి తగిలించుకుని వెళ్లారు. బల్లలకు బిగించిన డెస్క్‌టాప్‌ల మీద పనిచేసేవాళ్ల కోసం హైదరాబాద్‌లో, ఇతర నగరాల్లో కంపెనీలు మానిటర్లు, సీపీయూలు క్యాబుల్లో ఎక్కించి ఇళ్లకు పంపాయి. ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి చేర్చే వీపీఎన్ కొద్దిమంది కోసం కట్టినది, అందరూ ఒకేసారి దాని మీద పడ్డారు. క్లౌడ్ నుంచి నిర్వహణ అప్పటికే మొదలుపెట్టిన సంస్థలు ఆ నెల నిలదొక్కుకున్నాయి. ఆఫీసు నెట్‌వర్క్‌కు తగిలితేనే ప్యాచ్ వెళ్లే ఏర్పాటున్నచోట, ఇంట్లో ఉన్న కంప్యూటర్లు నెలల తరబడి ప్యాచ్ లేకుండా ఉండిపోయాయి.

ఆ తర్వాత చట్టాలూ బిగిశాయి. సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో నివేదించాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. వ్యక్తిగత డేటాను కాపాడుకోలేని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అంటోంది. దీంతో ప్రతి సంస్థా కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి కాపలా సాఫ్ట్‌వేర్లు ఎక్కించింది. అవన్నీ లేచి సర్దుకునేసరికి ల్యాప్‌టాప్ ఆన్ చేసిన ఉద్యోగి టీ తాగి రావచ్చు. కంప్యూటర్ ఎన్ని నిమిషాల్లో తెరుచుకుంటోందో, ఏ ప్రోగ్రామ్ ఎన్నిసార్లు ఆగిపోతోందో కొలిచి, ఫిర్యాదు రాకముందే సరిదిద్దే బృందాలు ఇప్పుడు ఏర్పడుతున్నాయి. ఈ రంగంలో ఇటీవల వచ్చిన మంచి మార్పుల్లో ఇది మొదటి వరసలో నిలుస్తుంది. ఎందుకంటే మిగతావన్నీ యంత్రం వైపు నుంచి చూసేవి, ఇది మనిషి వైపు నుంచి చూసేది.

చివరి అంకం సాగనంపడం. మూడు నుంచి ఐదేళ్లు వాడి పక్కనపెట్టిన కంప్యూటర్‌ను మన దేశంలో ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన ఉత్పత్తిదారుకో, పునరుద్ధరించేవారికో, రీసైక్లర్‌కో మాత్రమే అప్పగించాలి. అంతకుముందే డిస్క్‌లోని సమాచారాన్ని తిరిగి రాబట్టలేనంతగా చెరిపి, క్రమసంఖ్యతో సహా ధ్రువపత్రం తీసుకోవాలి. ఖర్చుగా తప్ప ఆదాయంగా కనిపించని పని కాబట్టి ఇక్కడే అశ్రద్ధ చేరుతుంది. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ బ్యాంకు తన పాత డిస్క్‌లు, సర్వర్ల పనిని ఈ విద్యలో అనుభవమే లేని ఒక సామాన్ల రవాణా సంస్థకు అప్పగించింది. వాటిలో కొన్ని ఖాతాదారుల వివరాలు చెరపకుండానే ఆన్‌లైన్ వేలంలో అమ్ముడుపోయాయి. దాదాపు కోటిన్నర మంది ఖాతాదారుల సమాచారానికి సంబంధించిన ఈ వ్యవహారంలో 2022 సెప్టెంబరులో ఆ సంస్థ 3.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. శాఖల్లోని సర్వర్లను మార్చిన సందర్భంలో రికార్డులు సరిపోల్చి చూసుకుంటే 42 సర్వర్ల జాడ లేదు. ఆ శాఖల పరికరాల్లో సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఎన్‌క్రిప్షన్ సదుపాయం ఉంది. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు.